ఉలవచారు - కులత్థయూషము

పుష్యమాసపుఁ జలిలో నుదయముననే పొయ్యి యెక్కి, ప్రొద్దు తిరిగినఁ గాని దిగని వంటకములలో నులవచారు మనవారికి ముఖ్యమైనది. కృష్ణా గుంటూరు మండలములవారు దీనిని దమ సొత్తని చెప్పుకొందురు. దీని పుట్టుకనుగూర్చి యొక కథ సర్వత్ర వినఁబడుచున్నది. రైతు తన యెడ్లకొఱకు ఉలవలు వండెననియు, గుగ్గిళ్ళను వానికిఁ బెట్టి, మిగిలిన నీటిని బాఱఁబోయ మనసొప్పక చింతపండును ఉప్పును వేసి కాఁచుకొనెననియు, అదియే క్రమముగా ఉలవచారయ్యెననియు నా కథ.

కథ యింపైనది, కర్షకుని పొదుపునకుఁ దగినది. కాని దీనినే ప్రమాణముగాఁ గొన్నచో ఉలవచారు పశువుల దాణాలోనుండి జాఱిపడిన పదార్థము మాత్రమే యగును. మనుష్యుల భోజనచరిత్రమున దానికిఁ బ్రత్యేకస్థానము లేకుండఁ బోవును. ప్రసిద్ధకావ్యములలోని భోజనవర్ణనములయందు దీని పేరు తఱచుగాఁ గానరాకుండుట యీ యభిప్రాయమునకు మఱింత బలము గూర్చుచున్నది. కావ్యములను జూచి భోజనచరిత్ర వ్రాయువారికిఁ గావ్యమున లేనిది లోకమునను లేనట్లే తోఁచును. ఆ తీర్పు సరియైనదేనా యని పరిశీలించుట యీ వ్యాసమున నుద్దేశము.

ముందుగా వస్తుస్వరూపమును జెప్పవలెను. ఉలవలు నేలపైఁ గళ్ళము చేసి నూర్చిన పంట యగుటచే మన్నును సన్నరాళ్ళును వానిలో హెచ్చు. చేటతోఁ జెఱిగి, నీటిలో గాలించి, రాత్రియే నానఁబోయవలెను. ఈ పనియందు సోమరితనము చూపిన యిల్లాలిని మఱునాఁడు భోక్తల పండ్లే నిందించును. మానికెఁడు ఉలవలకు ఎనిమిదిమొదలు పదిమానికల నీరు పోసి, కుండలోనో యిత్తడిపాత్రలోనో సన్నని సెగపైఁ గొన్ని గంటలు కాఁచుదురు. గింజను వ్రేళ్ళ నడుమ నొక్కినచోఁ బిండియగు పాకము వచ్చునప్పటికి నీరు నల్లఁదనము గలిసిన యెఱుపు రంగునకుఁ దిరుగును. అప్పుడు దానిని వడియఁగట్టుదురు. ఈ వడిసిన నీటికే కట్టు అని పేరు. కన్నడమునను ఇదే మాట యిదే యర్థమునఁ గలదు. కట్టులోఁ జిక్కని చింతపండుపులుసును, ఉప్పును, పసుపును, కారమును, ఉల్లిపాయలను, కరివేపాకును జేర్చి మరలఁ గాఁచుదురు. ఉడికిన గింజలను బిడికెఁడు నూఱి చిక్కఁదనమునకై కలుపువారును గలరు. గరిటెకు అంటుకొను దశ వచ్చిన పిమ్మట ఆవాలు, జీలకఱ్ఱ, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి తిరుగఁబోఁత పెట్టుదురు. పొగలు గ్రక్కు నన్నమునఁ బోసికొని, మీఁద మీగడగాని వెన్నగాని వేసికొని భుజింతురు. మఱునాటికి దీని రుచి హెచ్చునని పెద్దలు చెప్పుమాట యనుభవమునకు సరిపోవుచున్నది.

ఇందు గమనింపవలసిన దొకటి కలదు. పప్పులో గింజయే ప్రధానము, నీరు సహాయము. ఇచట గింజ సహాయము, నీరే ప్రధానము. ధాన్యముయొక్క సారమును నీటికిఁ దెచ్చి ధాన్యమును దొలఁగించు నీ పాకవిధికి సంస్కృతమున నొక ప్రాచీనమైన పేరు కలదు. అది యూషము.

ఋగ్వేదము ప్రథమమండలమున నూట యఱువదిరెండవ సూక్తమునం దశ్వమేధసందర్భమున యూషమును బోయు పాత్రలు చెప్పఁబడినవి. అచట యూష మనఁగా మాంసపు నీరు. లాటినుభాషలోని యూస్ అను మాటయు, రుష్యావారు చేఁపలచారునకు వాడు ఉఖా యను మాటయు దీని తోఁబుట్టువులే యని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. కాలక్రమమున మాంసపు నీటికి రసమనియు, ధాన్యపు నీటికి యూషమనియు వైద్యగ్రంథములు విభాగము చేసినవి. గుఱ్ఱపు మాంసముతో మొదలైన మాట గుఱ్ఱపు దాణా యని మన మనుకొను గింజకడకు వచ్చి చేరుట ముచ్చటకు మాత్రమే చెప్పఁదగినది. అందుఁ జరిత్రార్థము వెదకరాదు.

చారు అను మాట యిందుకు భిన్నమైనది. తమిళ మలయాళములయందలి చాఱు, కన్నడమునందలి సారు, మన చారు ఒక్క కుదురుననే పుట్టినవి. పిండఁగాఁ గాని కాఁపఁగాఁ గాని వస్తువునుండి దిగు ద్రవమని మూలార్థము. సంస్కృతమున మనోహరమని యర్థమిచ్చు చారుశబ్దముతో దీని నంటఁగట్టుట పండితగోష్ఠులలో వినోదమునకుఁ దగును గాని వ్యుత్పత్తికిఁ దగదు. అయినను యూషము, చారు అను రెండును ఒకే భావమును రెండు భాషాకుటుంబములవారు వేఱువేఱుగాఁ బట్టుకొన్న మాటలగుట స్మరణీయము.

ఇఁక కులత్థ మనఁగా నులవ. ఉలవను మనుష్యులు పాకమున వాడిరనుటకుఁ బాణినియే సాక్షి. అష్టాధ్యాయి నాల్గవ యధ్యాయము నాల్గవ పాదమున సంస్కృత మనఁగా రుచి కూర్పఁబడినదను నర్థమునఁ బ్రత్యయములను విధించుచు, కులత్థశబ్దమునకై యొక సూత్రమునఁ బ్రత్యేకముగాఁ జోటొసఁగెను. ఉలవలతో సంస్కరింపఁబడినది కౌలత్థము. అదే సూత్రమునకుఁ గాశికాకారులు చూపిన మఱియొక యుదాహరణము తైంతిడీకము, అనఁగాఁ దింతిడీకముతో సంస్కరింపఁబడినది. తింతిడీక మనఁగాఁ జింతయే యని సామాన్యాభిప్రాయము. వేఱొక పుల్లని ఫలమని చెప్పు వైద్యులును గలరు. ఉలవయుఁ బులుపును ఒక్క సూత్రపు నీడను గూర్చుండుట వ్యాకరణకారణముచేతనే గాని వంటకారణముచేతఁ గాదు. అయినను వ్యాకరణమును బఠించుచు నీ సూత్రముకడ నొకింత యాగి చిఱునవ్వు నవ్వని తెలుఁగు విద్యార్థి యుండఁడని తలఁచెదను.

పాణినిసూత్రము వలన ఉలవతో రుచి కూర్చిరని తెలియును గాని యూషము తెలియదు. ఆ కొఱఁతను బాలిగ్రంథములు తీర్చుచున్నవి. మజ్ఝిమనికాయమునందలి మహాసచ్చకసుత్తమున బుద్ధుఁడు తన పూర్వపు కఠోరతపస్సును జెప్పుచు, పుడిసెఁడు పుడిసెఁడుగా మాత్రమే తాను గొనిన యాహారములను బేర్కొనెను. పెసలయూషము, ఉలవయూషము, బఠాణిజాతి గింజల యూషములు రెండు. నాలుగింటిలో ఉలవ రెండవది. ఇచట నెడ్ల ప్రసక్తి లేదు, దాణాప్రసక్తి లేదు. మనుష్యుఁడు త్రాగుటకై వండిన ఉలవనీరు క్రీస్తునకుఁ బూర్వమే యుత్తరదేశమునఁ బరిచితమైన యాహారమని యిందువలన సిద్ధించుచున్నది. అదియు నత్యల్పాహారముగా, దేహము నిలుచుటకుఁ జాలినంతగా.

వైద్యులు దీనిని మఱింత సూక్ష్మముగాఁ జూచిరి. సుశ్రుతసంహిత సూత్రస్థానము నలువదియాఱవ యధ్యాయమున యూషములు రెండు తెఱఁగులని చెప్పఁబడెను. స్నేహము, ఉప్పు, కటుద్రవ్యములు లేనిది అకృతయూషము. అవి గలది కృతయూషము. మన యిల్లాలు వడియఁగట్టిన కట్టు అకృతము. పోపు పెట్టి దింపినది కృతము. శోధనచికిత్స జరిగిన పిమ్మట రోగికిఁ బేయ, విలేపి, అకృతయూషము, కృతయూషము, మాంసరసము నను వరుసను నాహారమీయవలెనని వాగ్భటాదులు విధించిరి. కులత్థయూషమునకు సుశ్రుతుఁడు చెప్పిన గుణములు మన ప్రస్తుతమున మిక్కిలి ముఖ్యములు: అది వాతమును హరించును, శ్వాసమును, పీనసమును, కాసమును బోఁగొట్టును. చరకుఁడును కులత్థము ఉష్ణమని, కాసహిక్కాశ్వాసములకు హితమని చెప్పెను. ఎగశ్వాస, పడిశము, దగ్గు: ఇవి చలికాలమున మన యిండ్లను బట్టి పీడించు వ్యాధులే గదా.

కాని యొక విరోధము కలదు. ఆ వైద్యులే ఋతుచర్యయందు హేమంతమునకు విధించిన యాహారములలో ఉలవ లేదు. చరకుఁడు కొవ్విన జంతువుల మాంసరసము, పాలు, చెఱకునుండి చేసినవి, నెయ్యినూనెలు, క్రొత్తబియ్యపుటన్నము, వేఁడినీరు చెప్పెను. వాగ్భటుఁడు గోధుమలను, మినుములను జేర్చెను. చలిలో జఠరాగ్ని ప్రబలముగా నుండును గావున దానికి గురువైన యాహారమునే యీయవలెనని వారి తర్కము. కావున శాస్త్రప్రకారము ఉలవనీరు చలికాలపు రోగమునకు మందే గాని చలికాలపు భోజనము కాదు. ఈ భేదమును మఱచినవారు నేఁటి యలవాటును శాస్త్రముపైఁ బెట్టి, హేమంతమున ఉలవచారు త్రాగవలెనని చరకుఁడే చెప్పెనని వ్రాయుచున్నారు. అట్లు చెప్పలేదు.

ఇచ్చట మనకుఁ గృష్ణదేవరాయలు తోడు వచ్చుచున్నాఁడు. ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమున విష్ణుచిత్తుఁడు అతిథులకుఁ బెట్టు భోజనములను ఋతుక్రమమున వర్ణించిన పద్యములు పండితలోకమునకుఁ గంఠస్థములు. వానకాలమునఁ గలమాన్నమును, పొట్టు తీసిన పప్పును, కూరలును, వడియములును, వరుగులును. నడువేసవిఁ గొంచెము వెచ్చని యన్నమును, తియ్యని చారులును, తిమ్మనములును, పలుచని యంబళ్ళును, చెఱకుపాలును, ఎడనీళ్ళును. చలికాలమున సువాసన గల క్రొత్తబియ్యపుటన్నమును, మిరియపుఁబొడితో వేఁడి చల్లాఱని కూరలును, ముక్కున కెక్కు నావపచ్చళ్ళును, పాయసములును, ఊరుఁగాయలును, చేయి చుఱుక్కుమను నెయ్యియు, పాలును.

చదువరులు గమనింపుఁడు. చారు వేసవియందుఁ గలదు, అదియుఁ దియ్యనిది. పప్పు వానకాలమునఁ గలదు. చలికాలపుఁ బద్యమున చారును లేదు, పప్పును లేదు. చలికిఁ జారు అను నేఁటి మన యూహ రాయల పద్యమునకుఁ బూర్తిగాఁ దలక్రిందులు. కావున 16వ శతాబ్ది మొదటిపాదమునఁ దెలుఁగువారు చలికాలమున ఉలవచారు కాఁచుకొనలేదని తేల్చుట సులభము. సులభమే గాని తప్పు. క్రొత్తబియ్యము, కాఁగిన నెయ్యి, పాలు: ఈ పట్టికను వాగ్భటుని హేమంతచర్యతోఁ బోల్చిచూచినచో రాయలు వంటయింటిని జూచినంతగా వైద్యశాస్త్రమును జూచి వ్రాసెనని తెల్లమగును. పైఁగా నది శ్రీవిల్లిపుత్తూరునందలి పరమభాగవతుని యింట విప్రులకుఁ బెట్టు నాతిథ్యము. క్రొత్తబియ్యము గలవాని చలికాలమది. మెట్టనేలపై ఉలవ తప్ప మఱియొకటి పండనివాని చలికాలము ఆ పద్యమున లేదు. ఉండవలసిన పనియు లేదు.

ఆ రెండవవాఁడు మఱియొకచోటఁ గనఁబడుచున్నాఁడు. రాయల కాలముననే, 1520 ప్రాంతమున, విజయనగరమును జూచిన డొమింగో పాయెస్ అను పోర్చుగీసు యాత్రికుఁడు అచటి యంగళ్ళలోని ధాన్యములను జెప్పెను. రాబర్టు సూయెల్ 1900లోఁ బ్రకటించిన యనువాదమున వరి, గోధుమ, జొన్నలవంటి ధాన్యములతోఁ బాటు పెసలును, హార్సుగ్రాము అనఁగా నులవలును గలవు. ఇవి యన్నియు నీ దేశపు సామాన్యజనుల యాహారమనియు, విస్తారముగా నుండి మిక్కిలి చౌకగా దొరకుననియు నతఁడు వ్రాసెను. గుఱ్ఱముల యాహారమని వ్రాయలేదు. జనుల యాహారమని వ్రాసెను. గుఱ్ఱపు పేరు ఇంగ్లీషువారి కాలపు నామకరణము. ఒకే రాజు, ఒకే దశాబ్దము: రాజు పద్యమున లేని ఉలవ రాజధాని యంగడిలో రాశిపోసి యున్నది. ఇందు విరోధ మేమియు లేదు. ఒకరు విందును వర్ణించిరి, ఒకరు బజారును జూచిరి.

ఉలవ చలికాలమునకుఁ జేరుటకు వైద్యముకంటె వ్యవసాయమే ప్రబలకారణమని నా తలంపు. కౌటిల్యుఁడు అర్థశాస్త్రము సీతాధ్యక్షప్రకరణమున విత్తనములను మూఁడు విధములుగా విభజించి, కులత్థమును గోధుమలతోడను, ఆవాలతోడను గడపటఁ జల్లవలసినవానిలోఁ జేర్చెను. నేఁటికిని మెట్టసీమల రైతు వానలు వెనుకఁబట్టినప్పుడు, తక్కిన పైరులకుఁ బదను చాలనప్పుడు, ఉన్న తేమకు ఉలవ చల్లును. అది మంచు చాలునన్నట్లు పెరిగి చలికాలమునఁ గోఁతకు వచ్చును. మాగాణివాని యింటికిఁ గ్రొత్తబియ్యము వచ్చు దినములలోనే మెట్టవాని యింటికిఁ గ్రొత్త ఉలవలు వచ్చును. పొయ్యి యొద్దఁ గూర్చుండుటయే సుఖమైన దినములలో గంటలకొలఁది కాఁపవలసిన గింజ చేతికందును. వంట కాలమును వెదకికొని పోలేదు. పంటయే కాలమును దెచ్చినది.

గింజ యెంత ప్రాచీనమని యడుగుదురేని, పుస్తకములను విడిచి మట్టిని జూడవలెను. 1953 వఱకు మద్రాసురాష్ట్రమున మనతోఁ గలిసియుండిన బళ్ళారిమండలమున సంగనకల్లు, తెక్కలకోట యను నవీనశిలాయుగపు గ్రామస్థలములు గలవు. తుంగభద్రాతీరమున హళ్ళూరు కలదు. ఇట్టి దక్షిణదేశపు స్థలముల మట్టిని నీటఁ దేల్చి, కాలి బొగ్గైన గింజలను ఏఱి పరిశీలించి డోరియన్ ఫుల్లర్, రవి కొరిసెట్టర్, పి. సి. వెంకటసుబ్బయ్య ప్రభృతులు 2004లో ఫలితములను బ్రకటించిరి. క్రీ. పూ. రెండవ సహస్రాబ్దినాటి యా పల్లెవాసుల ముఖ్యమైన పంటలు నాలుగు: ఉలవలు, పెసలు, అండుకొఱ్ఱలు, వానికి బంధువైన మఱియొక చిఱుధాన్యము. నేఁడు పప్పనఁగానే మనకు స్ఫురించు కంది యీ పట్టికలో మొదటివరుసది కాదు. దాని పుట్టినిల్లు తూర్పున బస్తరు ఒడిసా ప్రాంతములు, దక్షిణాపథమున కది తరువాత వచ్చిన చుట్టము. గింజ దొరకుట వేఱు, చారు దొరకుట వేఱు. బొగ్గైన గింజ తన్నుఁ గాఁచి త్రాగిరో గుగ్గిళ్ళుగాఁ దినిరో చెప్పదు. అయినను సంస్కృతవాఙ్మయమున దీని పేరు పుట్టకపూర్వమే మన మెట్టభూములవారి పొయ్యిలో ఉలవ యుండెననుట స్పష్టము. తమిళమునందలి కొళ్ళు అను పేరునకును గులత్థమునకును గల సామ్యమును బట్టి సంస్కృతమే యీ పేరును దక్షిణభాషలనుండి గ్రహించియుండునని కొందఱు భాషావేత్తల యభిప్రాయము. కన్నడమున హురుళి, మలయాళమున ముతిర, తెలుఁగున ఉలవ: ఇరుగుపొరుగు భాషలలో నిన్ని వేఱు పేరులు గల ధాన్యములు తక్కువ.

ఇట్టి చారు మన కొక్కరికే లేదు. కన్నడిగుల హురుళిసారు, తమిళుల కొళ్ళురసము, కొంకణమునందలి కుళీథుసారు దీని జ్ఞాతులు. హిమాలయపుఁ బ్రాంతమైన కుమావూఁ గఢ్వాలులయందు గహత్ అని పేరు గల యీ గింజనే చలిదినములలో రసముగాఁ గాఁచి యన్నముతోఁ దినుచున్నారు. మంచు కురియు దేశమునను, మంచు నెఱుఁగని కృష్ణాతీరమునను ఒకే గింజ నొకే కాలమునఁ గోరుట గమనింపఁదగినది. తెలుఁగుచారు విశేష మంతయు దాని చిక్కఁదనమున నున్నది. వైద్యుని యూషము త్రాగుటకైన పలుచని నీరు. మనది యన్నమునఁ గలుపుకొనుటకైన, సగమునకుఁ బైగా నిగిరిన సారము. కావున ఉలవచారు కులత్థయూషమే యని కన్నులు మూసికొని సమీకరింపఁజాలము. ఆ వంశమున మెట్టపొయ్యిపై బలిసిన శాఖ యనవచ్చును. దీనికి నేఁటి యెఱుపును ఘాటును ఇచ్చు మిరపకాయ 1498 తరువాత పోర్చుగీసువారి రాకతో వచ్చినది. రాయల చలికాలపుఁ గూరలకుఁ గారము మిరియమే; మిరపకు మనవారు పేరు పెట్టినదియు మిరియమును జూచియే కావలయును.

ఇఁక మొదటి కథ మాట. ఎడ్లకు వండిన నీటినుండి చారు పుట్టెననుట చరిత్రకు నిలువదని పై సాక్ష్యములవలనఁ దేలినది. యూషము ముందు, అందునను మనుష్యులకొఱకే. అయినను కథను బొత్తిగాఁ ద్రోసివేయుటయు న్యాయము కాదు. పాలమూరు సీమయందలి ఉట్నూరున (ఆదిలాబాదు మండలపు ఉట్నూరు కాదు) 1957లో ఆల్చిన్ త్రవ్వించిన బూడిదదిబ్బ, నవీనశిలాయుగపువారు పశువులను గట్టిన దొడ్డి. ఆ బూడిద పేఁడను గాల్చఁగా నేర్పడినది. అట్టి పశుపాలకుల నాఁగరకతయే ఉలవను బండించినది. పశువును ఉలవయు నీ దేశమున నాలుగువేల యేండ్లనాఁటి సహవాసులు. గింజ యెడ్లకు, నీరు మనుష్యులకు నను పంపకము చారును బుట్టింపలేదు గాని, దానిని జిక్కఁబఱచినది. గింజ వేఱొకరికి ఖర్చగుట నిశ్చయమైనప్పుడే యొక్కయింట మానికలకొలఁది ఉలవలు వండుట సాగును. అంత వండినప్పుడే యంత నీటిని యింతకు నిగిర్చుట సాగును. నలుగురు మనుష్యులకై నాలుగు గిద్దెల ఉలవలు వండినచో యూషమే వచ్చును గాని మన ఉలవచారు రాదు.

ఈ కారణముచేతనే నేఁడు దీని స్థితి మాఱినది. పొలమున ట్రాక్టరు దిగిన పిమ్మట యెడ్లజత లేని యిండ్లే హెచ్చు. పెండ్లివిందులయందును, హోటళ్ళయందును, సీసాలయందును, తుదకు బిరియానియందును గూడ ఉలవచారు లభించుచున్నది. ఇంటఁ గాఁచు నిల్లాండ్రు వడియఁగట్టిన గింజలను గొంత నూఱి చారులోనే కలుపుచు, కొంత పోపు పెట్టి గుగ్గిళ్ళుగాఁ బిల్లలకుఁ బెట్టుచున్నారు.